ఏడే ఉండాయి

రాస్తాండావా అమ్మీ? మా కాలంలో ఊరికి పోయినోళ్లు ఎప్పుడొస్తారో తెలిసేదానికి ఫోనా పాడా? బస్సు దిగితే వచ్చినట్ల, లేకుంటే లేనట్ల. పెనుకొండలో నేను మూడో తరగతి చదువుతాంటి అప్పుడు. మా అమ్మ కడుపులో ఏదో గడ్డ అని, నాయన ఆమెను హిందూపురం ఆసుపత్రికి పిల్చుకొనిపోతాండె. "ఎప్పుడొస్తావు మా?" అని కొంగు పట్టుకొంటి. అమ్మ ధర్మవరం పట్టుపీలికల్లో శెనక్కాయ గింజలు మూడేసి పెట్టి, రెండు మూటలు కట్టిచ్చింది. "దినామూ పొద్దున్నే మీ జేజి శెనక్కాయల డబ్బాలోంచి మూటకొక గింజ కలుపు. కలిపినాక ఒకటే ఒకటి తిను. విడిగింజలు లేకుంటే ఒక మూట ఇప్పుకో. అన్నీ ఐపోయిన దినం నేనొస్తా" అనింది. (బడి మొగం చూడని మనిషి, ఈ లెక్క యాడ నేర్చిందో నాకిప్పటికీ తెలీదు.)

మొదటి దినం మూటలు రెండూ నాలుగు నాలుగైనాయి. ఒకటి ఇప్పి ఒక గింజ తింటి. మూటలో నాలుగు, బయట మూడు, ఏడు మిగిలె. రెండో దినం మూటలో ఐదు, బయట రెండు. మళ్లా ఏడే. మూడో దినమూ ఏడే. నాలుగో దినం బయటియన్నీ ఐపోయె, చూస్తే మూటలోనే ఏడు! దినామూ తింటాండా, తగ్గకపాయె. మా జేజి మిందికి పోతి, అదే, నాయన వాళ్లమ్మ. "ఏం జేజీ, దొంగగా గింజలేస్తాండావా?" "ఓసి తిక్కదానా, నేనైతే తింటాగానీ ఏస్తానా? నమిలేదానికి నోట్లో పండ్లే లేకపాయె!"

ఆ మద్యాన్నమే అమ్మను జీపులో తెచ్చి పండబెట్టిరి. ఆసుపత్రిలోనే పానం పోయిందంట. నేను దగ్గరికి పోలే. లెక్క ఐపోకముందే ఎట్ల వస్తాది? మా అమ్మ మాట తప్పే మనిషి గాదు. రాయి మాదిరి కూర్చున్న నన్ను జేజి ఒళ్లోకి లాక్కొని, "ఏడు పాపా, ఏడు" అనె. "అవు జేజీ, ఏడే ఉండాయి. ఇంకా ఐపోలే" అంటి. మూట ఇప్పి చూపిస్తి గూడా. ఆడుండే ఆడోళ్లలో ఎవరో ఫక్కున నగి, నోట్లో కొంగు కుక్కుకొని, అంతలోనే ఏడ్చిరి.

మర్సటి దినం నుంచి గింజ కలుపుతాంటిగానీ, తినేది మానుకొంటి. తింటే ఐపోతాయి. ఐపోయినాక గూడా రాకుంటే? మూట నిమ్మకాయంత అయ్యె, బత్తాయంత అయ్యె. డబ్బాలో గింజలు తగ్గేకొద్దీ జేజి మళ్లా నింపుతాండె. ఒక దినం బడి నుంచి వచ్చి, ఏం పుట్టిందో ఏమో, మూట ఇప్పి ఒక్క గింజ మిగలకుండా తినేసి, వాకిట్లో కూర్చుంటి. బస్సులు వచ్చె, పోయె. పొద్దు గూకేతలికి కడుపు పట్టుకొని ఎట్ల ఏడ్చినానో! జేజి వాము దంచి మింగించె. "పాపం, కడుపునొప్పి" అనిరి ఇరుగుపొరుగంతా.

నేను గూడా, మీ అమ్మ పుట్టి నా ఒళ్లో పండుకొనేదాకా, అది కడుపునొప్పే అనుకొంటి. నగితే నగులే అమ్మీ. అంత తెలివైంది మీ అవ్వ.