తొమ్మిదో నాటి వెలుగు చుక్కలు

1976లో, మృగశిర కార్తె తొలి గాలివాన ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆ వార్త మొదట నాకు తెచ్చింది పక్కింటి లక్ష్మి. బీడీల చాట చంకలో పెట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

“అక్కా, నువ్వు కప్పిన కప్పు జారి పడ్డదట. గంగమణి, పసిపిల్ల లోపట్నే ఉన్నరట.”

అప్పటికి నేను గడ్డి ఇళ్లు కప్పే పనిలోకి వచ్చి నాలుగేళ్లు. బడి మొహం చూడలేదు. ఇంట్లో నాయన రామాయణం ముందు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు. గడ్డి పని నేర్పింది సాయవ్వ. భర్త పోయాక ఆయన నిచ్చెన తాను ఎక్కిన మనిషి. బాన్సువాడలో ఆడమనిషి ఇంటి కప్పు ఎక్కడం నేను మొదట చూసింది ఆమెనే.

తొలి ఏడాదంతా సాయవ్వ నన్ను నిచ్చెన తాకనివ్వలేదు. కప్పుకు వాడే పొడుగాటి బోదగడ్డి దులపడం, మొదళ్లు చెక్కతో తట్టి సమం చేయడం, పిడికెడు పిడికెడు కట్టలు కట్టడం, అంతే. తర్వాత చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు దాకా వరస మీద వరస ఎక్కించడం నేర్పింది. పని అయ్యాక పట్టపగలు లోపల తలుపేసుకుని పైకి చూడాలి. ఎక్కడ వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ వాన కారుతుంది. అదీ కప్పిన రోజు కాదు, తొమ్మిదో రోజున చూడాలి. “రాత్రి చుక్కలు చూసేది అయ్యగారు, పగటీలి చూసేది మనం” అని నవ్వేది.

ఆ ఎండాకాలం సాయవ్వ జ్వరంతో మంచం పట్టింది. గంగమణికి కాన్పయి పది రోజులు కాలేదు. పాత కప్పు చిల్లులు పడింది, వానలొస్తే బాలింత తడుస్తుందని ఆమె అత్త వచ్చి బతిమాలింది. కాలువ కింద సాగు చేసే ఆంధ్ర రైతు ఒకాయన వరిగడ్డి ఊరికే ఇచ్చాడు. కొత్త పొట్టి రకం వరి, గడ్డి కురచ. పైగా కోతల్లో అకాల వాన పడి లోపల తడిగా ఉంది. సాయవ్వను అడిగితే, తాను లేచేదాకా ఆగమంది, ఎండిన బోద తన ఇంట్లోనే ఉందంది, తడిది మాత్రం కట్టొద్దంది. ఇంత ఎండలో కప్పు మీదే ఆరిపోదా అనుకున్నాను. రెండు రోజుల్లో కప్పేసి, సాయంత్రం పొద్దుండగానే తలుపేసి చూశాను. ఒక్క చుక్క లేదు. రాముడికి దండం పెట్టుకుని ఇంటికొచ్చాను. తొమ్మిదో రోజు వెళ్లలేదు.

నస్రుల్లాబాద్ తోవలో గంగమణి వాళ్ల ఇంటికి ఎలా చేరానో గుర్తు లేదు. గడ్డి తట్టే చెక్క చేతిలోనే ఉందని అక్కడికి వెళ్లాక చూసుకున్నాను. ఒకవైపు కప్పు మొత్తం దుప్పటి లాగేసినట్టు వాకిట్లో పడి ఉంది. ఇంట్లో నిలబడితే ఆకాశమే. వెదురు బద్దలు కట్లలోంచి జారి మీద పడుతుంటే గంగమణి బిడ్డ మీదికి వంగిందట, మోచెయ్యి విరిగింది. పిల్లకు గీత కూడా పడలేదు. ఆ దయకు ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

అప్పుడు పైకి చూశాను. నా కట్లు ఒక్కటీ తెగలేదు. ముడులన్నీ వేసినవి వేసినట్టే వాసాలకు ఉన్నాయి. వాటిలో గడ్డి లేదు. తడి ఆరి గడ్డి సన్నబడ్డాక కట్టు లోపల రెండు వేళ్లు దూరేంత ఖాళీ వచ్చింది, గాలికి గడ్డంతా జారిపోయింది.

“ఆడోళ్లు ఇల్లు కప్పితే గిట్లనే అయితది. ఎవలు కట్టుమన్నరు నిన్ను తడిగడ్డి?” అంది గంగమణి అత్త.

జవాబు నా వెనక నుంచి వచ్చింది. కర్ర పట్టుకుని, జ్వరంతోనే నడిచొచ్చిన సాయవ్వ.

“నేనే కట్టుమన్న. పిల్ల నా మాట ఇన్నది. తప్పు నాది.”

అది అబద్ధమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. గంగమణిని బండెక్కించి దవాఖానకు పంపాక, తోవలో ఏడుస్తుంటే సాయవ్వ నా చేతులు పట్టుకుంది.

“నా చేతుల పని అయిపోయింది. నీ చేతులు ఇంక ముప్పై ఏండ్లు కప్పాలె. ఇగ ఏడ్వకు, పా. బోద ఎత్తుకొద్దాం.”

మర్నాడు ఆ ఇల్లు ఎండిన బోదతో కప్పాను. ఆమె కింద కూర్చుని కట్టలు అందించింది. తొమ్మిదో రోజు ఇద్దరం తలుపేసుకుని చూశాం. మూడు చుక్కలు కనిపించాయి, మూడూ మూసాను.

ఆ తర్వాత సాయవ్వను ఎవరూ పనికి పిలవలేదు. నన్ను పిలిచారు. పోయేదాకా నాకు కట్టలు కట్టిచ్చింది, ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆమె పోయాక గంగమణి దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. వంకర తేలిన మోచేతిని తడుముకుంటూ, “గామెను ఎన్ని మాటలన్నమే అక్కా” అంది.

తడి గడ్డి ఏం చేస్తుందో ఆ ఇల్లు నాకు నేర్పింది. తడిలో చేసిన పనిని తడిలోనే చూసుకుని మురిసిపోకూడదని కూడా. గడ్డి కప్పు కింద ఎప్పుడైనా పొడిగా నిద్రపోయిన వాళ్లు ఇది చదువుతుంటే, సాయవ్వను ఒక్కసారి తలుచుకోండి. తడిగడ్డి కట్టమని ఆమె ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.