సికో డైకెమా చప్పట్లు

సికో డైకెమాకు ఉన్నది ఒక్కటే అలవాటు. చప్పట్లు కొడతాడు. తాగుడు లేదు, పేకాట లేదు, పొగ లేదు. కంటికో చెవికో ఏదైనా నచ్చితే చాలు, రెండు చేతులూ వాటంతట అవే లేచి ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. అవి మామూలు చేతులు కూడా కావు, రొట్టెలు కోసే చెక్కలు. గ్రోనింగెన్ ఊరి సంతలో ఆయన గట్టిగా ఒక్కటి వాయిస్తే కాలవ అవతలి గట్టున పావురాలు లేచిపోయేవి.

ఉద్యోగం మానేయక ముందు పళ్ల డాక్టరు. రోగి నోరు తెరిస్తే చప్పట్లు. పుక్కిలించి ఉమ్మితే చప్పట్లు. పన్ను ఊడి చేతికొచ్చిందంటే మాత్రం లేచి నిలబడి మరీ కొట్టేవాడు.

"పీకింది మీరు కదా డాక్టరుగారూ, నాకెందుకు చప్పట్లు?" అని ఒక జున్ను వ్యాపారి వాచిన బుగ్గతోనే అడిగాడు.

"పీకడం నాకు రోజూ ఉండేదే. కదలకుండా కూర్చున్నది మీరు!"

సంతలో చేపల బండి యెల్లె, హెర్రింగ్ చేపను తోక పట్టుకుని ఒకే ఒక్క లాగుడుకి ముల్లంతా ఊడదీస్తాడు. సికో అక్కడికి చేరాడంటే బేరం ఆగినట్టే.

"చప్పట్లు చాల్లే గానీ, కొంటావా కొనవా?"

"కొంటా. ఇంకొకటి ఒలిచి చూపించు ముందు."

అలా చూస్తూ చూస్తూ ఉల్లిపాయ ముక్కలు నంజుకుని నాలుగు తినేసేవాడు. ముందొక పిల్ల, వెనకొక పిల్ల, వీపున సెల్లో అనే పెద్ద తీగవాద్యం కట్టుకుని ఒకావిడ సైకిలు మీద కాలు కింద పెట్టకుండా మలుపు తిరిగితే, వంతెన మీద నిలబడి ఆమెకీ కొట్టాడు. ఆవిడ గంట మోగించి దండం అందుకున్నట్టే వెళ్లింది.

మ్యూజియంలో అయితే మరీ అన్యాయం. వానలో తడుస్తున్న ఆవు బొమ్మ ఒకటుంది అక్కడ. దాని ముందు రోజూ ఇదే గోల.

"అయ్యా, ఇది మ్యూజియం," అంది కాపలా ఆవిడ.

"తెలుసు తల్లీ. ఆ ఆవుని చూశావా, ఎంత ముద్దగా తడిసిందో!"

"గీసినాయన పోయి ఎన్ని తరాలైందో. ఆయనకి వినపడదు."

"ఆయనకెవరు కొట్టారు? ఆవుకి కొడుతున్నా."

ఈ చప్పట్ల వల్ల అందరికన్నా ఎక్కువ తల వంచుకున్నది రూలీనా. సికో భార్యకు ఆమె అక్క. చెల్లెలు పోయాక, చెల్లెలి కుర్చీ ఖాళీగా ఉంచడం ఇష్టం లేక, మరిదితో కలిసి కచేరీలకు వెళ్లడం మొదలుపెట్టింది. వీధిలో అతనికి పది అడుగుల ముందు నడిచేది, ఎవరో పరాయి మనిషి అన్నట్టు. హాల్లో ఆ వీలు లేదు. ఆరో వరసలో ఏడాదికోసారి డబ్బు కట్టి ఖాయం చేసుకున్న పక్కపక్క కుర్చీలు. అయినా నెలకొక ఆదివారం మధ్యాహ్నం వచ్చే ఆ కచేరీయే ఆమెకు పండగ. ఆ రోజు వేసుకునే గౌను బుధవారం నుంచే ఇస్త్రీ చేసి పెట్టుకునేది.

ఆ హాల్లో ఒక కట్టుబాటుంది. పెద్ద సంగీతమంటే మూడు నాలుగు భాగాలు. భాగానికీ భాగానికీ నడుమ వాద్యాలు కాసేపు ఆగుతాయి. అప్పుడు దగ్గొచ్చు. చీదొచ్చు. గొంతులో వారం రోజులుగా దాచుకున్న గురగురంతా బయటికి తీయొచ్చు. చప్పట్లు మాత్రం కొట్టకూడదు. కొట్టినవాడికి సంగీతం తెలియదని అర్థం. వరసలకు వరసలు తలలు తిప్పి చూస్తాయి. ఆ చూపు తగిలినవాడు మళ్లీ ఆ గడప తొక్కడు. అన్ని భాగాలూ అయ్యాక మాత్రం, బాగున్నా బాగోకపోయినా అందరూ లేచి నిలబడి కొడతారు.

సికో నడుమనే కొట్టేవాడు. ప్రతిసారీ కాదు, కానీ కొడితే తలుపులు పగిలినట్టు కొట్టేవాడు. హాలంతా అటు తిరిగేది. రూలీనా కుర్చీలో కిందికి జారి జారి, చివరికి పక్కవాళ్లకు జుట్టు ముడి ఒక్కటే కనిపించేది.

చివరికి ఒక ఆదివారం విరామంలో, హాలు రసికుల సంఘం అధ్యక్షుడు మెన్నో కాఫీ కప్పుతో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"రూలీనా గారూ, మీ మరిది చేతులు ఇంకొక్కసారి నడుమలో మోగాయంటే మీ కుర్చీలు రెండూ వేరేవాళ్లకిచ్చేస్తాం."

"రెండూనా? నేనేం చేశానండీ?"

"ఆయన పక్కన కూర్చున్నారు."

ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా రూలీనా నోరు మూతపడలేదు. "నాకున్నది ఆ ఒక్క కుర్చీ సికో! అదీ పోగొడతావా?"

"హాల్లో నేనెప్పుడూ మొదలుపెట్టలేదు వదినా."

"ఆహా! పళ్లు కూడా వాటంతట అవే ఊడేవి కాబోలు!"

ఆమె ఊలు తెచ్చి, వేళ్లు విడివిడిగా లేని చేతి తొడుగులు అల్లి, లోపల దూది కూరింది. "వేసుకో. ఇప్పుడు కొట్టు." కొట్టాడు. దిండు మీద పిల్లి దూకినంత చప్పుడైంది. రూలీనా మొహం వికసించింది. "ఎంత బాగా అల్లావు వదినా!" అని సికో ఆ తొడుగులకే ఇంకో విడత కొట్టాడు.

తరువాతి కచేరీలో ఆమె వేదిక వంక చూడలేదు. ఎలుక కన్నం ముందు పిల్లిలా ఆ తొడుగుల మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంది. మొదటి భాగం చివర వయొలిన్లన్నీ ఒక్కసారిగా ఎగిసి, ఠక్కున ఆగాయి. తొడుగులు కదల్లేదు.

అప్పుడు వెనక వరసలోంచి వినపడింది. చిన్న చప్పట్లు. ఒంటరిగా.

రూలీనా తల తిప్పింది. ఆకుపచ్చ కోటు ఒళ్లో పెట్టుకుని ఒక అమ్మాయి. కోట్లు పెట్టే గది ఒకటుందని కూడా తెలియనంత కొత్త. కళ్లు మెరిసిపోతున్నాయి. చుట్టూ ఎవరూ కొట్టడం లేదని తెలిసి ఆ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. మెడ నుంచి నుదుటిదాకా ఎర్రబడింది. ముందు వరసల్లో తలలు తిరగబోతున్నాయి.

సికో ఒక తొడుగును పంటితో లాగాడు. రెండోది విదిలించాడు. అది ఎగిరి ఎవరి ఒళ్లోనో పడింది. ఇక చూడండి, వడగళ్లు రేకుల కప్పు మీద పడ్డట్టే! తిరగబోతున్న తలలన్నీ దారి మార్చుకుని ఆరో వరసకొచ్చాయి. ఆకుపచ్చ కోటు అమ్మాయిని ఒక్కరూ చూడలేదు. ఆ అమ్మాయి మొహంలో "అమ్మయ్య, నేనొక్కదాన్నే కాదు" అన్న వెలుగు. వెంటనే హుషారుగా ఇంకాస్త కొట్టింది కూడా.

రూలీనాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కిందటేడు స్తంభం పక్కన కూర్చున్న ముసలాయన. చలికాలంలో చెల్లెలితో వచ్చిన ఆసుపత్రి నర్సు. సికో మోత మోగిన ప్రతిసారీ, దానికి ముందు ఎక్కడో ఒక చిన్న చప్పుడు. ఆమె తన కుర్చీలో జారుతూ ఉండటం వల్ల ఎప్పుడూ చూడలేదు.

నడవ చివర మెన్నో లేచి నిలబడ్డాడు. రూలీనా తన ఆరో వరస కుర్చీని చేత్తో ఒకసారి తడిమింది. తరువాత లేచి నిలబడి, ఇస్త్రీ గౌను నలిగిపోతున్నా సరే, చేతులు బారలా చాచి చప్పట్లు కొట్టింది. వేదిక మీద డోళ్లు వాయించే ఆవిడ నవ్వాపుకోలేక డోలు వెనక్కి వంగిపోయింది.

విరామంలో మెన్నోకు కాఫీ కూడా సహించలేదు.

"మీరు కూడానా? అందరూ చివరిదాకా ఆగుతారు కదా, మీకేం తొందర?"

"చివర మీరు లేచేది కోట్ల గదికి ముందు చేరాలని. నేను లేచింది నచ్చి."

"కుర్చీలు పోతాయి."

"తీసేసుకోండి. మెత్త కూడా అరిగిపోయింది."

మెన్నో వెళ్లాక రూలీనా మరిది వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబితే నువ్వు కూడా తల తిప్పి వాళ్లని చూసేదానివి కదా వదినా."

రూలీనా అవునన్నట్టు తలూపింది.

"అయినా నన్ను మరీ దేవుణ్ని చేసేయకు," అన్నాడు సికో. "మొదటి భాగం అయ్యేసరికి నా చేతులు ఎలా దురదపెడతాయో నీకేం తెలుసు! ఎవరైనా మొదలుపెడితే బాగుండునని కాచుకుని కూర్చుంటా."

తరువాతి నెల నుంచి వాళ్లిద్దరూ పైన, పైకప్పుకు తల తగిలే చివరి బాల్కనీలో కూర్చుంటున్నారు. చవక టికెట్లు, గట్టి బల్లలు, మెట్లెక్కితే ఆయాసం. ఇప్పుడు వీధిలో రూలీనా అతనికి ముందు నడవడం లేదు. "ఆ పైకెందుకమ్మా ఈ వయసులో?" అని యెల్లె చేప ఒలుస్తూ అడిగితే, ఆ ఒక్క లాగుడుకి ముచ్చటపడి ముందు చప్పట్లు కొట్టి, తరువాత చెప్పింది:

"కొత్తవాళ్లంతా అక్కడే కూర్చుంటారు యెల్లె. మా మరిది ఒక్కడి చేతులు ఏం సరిపోతాయి?"