కొంగలతోపు సర్వే నెంబరు

మొన్న వాన వెలిసిన సాయంత్రం, చెన్నై పక్కన ఆవడిలో మా ఇంటి మిద్దె మీదికి వెళ్ళాను. నీళ్ళ ట్యాంకు కింద పావురాల రెట్ట తడిసి ఘాటుగా వాసన కొడుతోంది. కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఫినాయిలు తెస్తానత్తయ్యా అంటూ కిందికి పరుగెత్తింది. నాకు మాత్రం, చెప్తే నవ్వుతారు గానీ, ప్రాణం లేచి వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు మళ్ళీ ఇరవై రెండేళ్ళు. చంకలో పంచాయతీ రిజిస్టరు, ముందు విసవిసా నడిచిపోయే ప్రెసిడెంటు మామ.

మామ పేరు దొరస్వామి నాయుడు. చుట్టరికం లేదు, ఊరి వరస. ఆవడిలో చాలా కాలం ఫిట్టరు పని చేసి, పళ్ళిపట్టు దగ్గర మా ఊరికి తిరిగొచ్చి, పందొమ్మిది వందల డెబ్బైలలో పంచాయతీ ప్రెసిడెంటు అయ్యాడు. ఊరి పంపు బోల్టు ఎవరు బిగించినా, తనొకసారి స్పానరు పట్టి చూస్తే గానీ ఆయనకు అన్నం సయించదు. నేను ఆయన దగ్గర గుమాస్తాను. నా దస్తూరీ ముత్యాల కోవ అని ఊరంతా అనేది. నేనూ నమ్మేదాన్ని.

మా చెరువు మూల కుప్పమ్మవ్వ పట్టా భూమిలో తుమ్మతోపు ఉండేది. ఏటా కార్తీకంలో కొంగలు, నీటికాకులు వచ్చి కొమ్మకొమ్మకూ గూళ్ళు కట్టేవి. అవ్వకు బావి లోతు చేయించుకోవలసి వచ్చి, తోపు అమ్ముతానంది. కట్టెల డిపో వ్యాపారి గొడ్డళ్ళతో సహా సిద్ధమయ్యాడు. అలా కుదరదు, ఆ భూమిని పంచాయతీయే కొని పిట్టలకు వదిలేయాలని మామ పట్టుబట్టాడు. మీటింగులో ఒక మెంబరు పకపకా నవ్వాడు.

"బడికి కొన్నారు, పీనుగులు కాల్చే సుడుగాడుకి కొన్నారు. పిట్టలకి నేల కొన్న పంచాయతీ యాడన్నా ఉండాదా మామా?"

"లేకుంటే మందే మొదటిది," అన్నాడు మామ. "నీ మడికి నువ్వు ఏసే ఎరువు ఎంతో నాకు తెలీదా? చెరువు నీళ్ళల్లో కలిసే రెట్టే కదప్పా నీ వడ్లు. ఆ పిట్టలు పోతే ఏమేస్తావు?"

ఆ మెంబరుది చెరువు కింద మడే. నవ్వు ఆపి సంతకం పెట్టాడు. తీర్మానం నేనే రాశాను. పాత రిజిస్టరులో సర్వే నెంబరు వెతికి, బెంచీ మీద కూర్చున్నచోటే గుండ్రంగా దించేశాను. కాగితాలు తిరువళ్ళూరు ఆఫీసుకు వెళ్ళి, కొన్ని నెలలకు అనుమతి వచ్చింది. శుక్రవారం తిరుత్తణిలో రిజిస్ట్రేషను. ఆ రోజు దాటితే వ్యాపారికే ఇచ్చేస్తానని అవ్వ తెగేసి చెప్పింది. ఎండలు ముదిరేలోపు బావి తవ్వించుకోకపోతే ఆమెకు మాత్రం ఎలా గడుస్తుంది?

గురువారం పొద్దున మామ కరణాన్నీ, కొలత గొలుసునూ, నన్నూ వెంటబెట్టుకుని తోపుకు బయల్దేరాడు. అన్నీ అయిపోయాయి కదా, ఇప్పుడెందుకని గొణిగాను.

"బిగించే ముందర ఒకతూరి కొలత సూడాల," అన్నాడు.

గొలుసు లాగారు. కరణం పటం చూశాడు, హద్దురాయి చూశాడు, మళ్ళీ పటం చూశాడు. నేను రాసిన నెంబరు తోపుకు ఇవతల ఉన్న బీడు. అందులో ముళ్ళకంప తప్ప ఒక్క చెట్టు లేదు. రాయికి అవతల, అవ్వదే ఇంకో నెంబరులో, ఎక్కడ చూసినా గూళ్ళే. పిట్టపిల్లలు నోళ్ళు తెరిచి ఒకటే గోల. నేనూ నోరు తెరుచుకుని చూస్తుంటే టప్పున భుజం మీద రెట్ట పడింది.

"పిట్ట సీలు ఏసేసింది సూడు," అన్నాడు కరణం.

నాకు నవ్వు రాలేదు. నా ముత్యాల కోవ ఊరి చేత కంపను కొనిపించి, గూళ్ళను గొడ్డలికి అప్పజెప్పబోయింది. మామ తిట్టలేదు. "సరి. మెంబర్లను పిలుచుకోని రా. రేపు మొదటి బస్సుకే తిరువళ్ళూరు," అన్నాడంతే. గట్ల వెంట పరుగెత్తాను. మడకలు వదిలి ఒకరు, పంపుసెట్టు ఆపి ఒకరు వచ్చారు. చెరువు కట్ట మీదే మీటింగు జరిగి కొత్త తీర్మానం అయింది. అంత భయంలోనూ ఒళ్ళంతా ఏదో హుషారు.

శుక్రవారం కరణాన్నీ అవ్వనూ తిరుత్తణిలో దించి, మేమిద్దరం రైలెక్కి అరక్కోణంలో మారి తిరువళ్ళూరు చేరాం. ఆఫీసరు కాగితాలు చూసి అరవంలో కసిరాడు. ఎవరు రాశారిది అని అడిగాడు. మామ ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణం ఆయన మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

"నేనే సార్," అన్నాను, అరవంలోనే. "చూడకుండా రాశాను. నిన్న చూశాను. ఆ గూళ్ళలో రెక్కలు రాని పిల్లలున్నాయి. ఇవాళ ఈ నెంబరు మారకపోతే రేపు చెట్లు కొట్టేస్తారు."

ఆయన కరణం గీసిచ్చిన పటాన్నీ కొత్త తీర్మానాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. రెండు నెంబర్ల విస్తీర్ణమూ ఒకటే కావడం మా అదృష్టం. చివరికి నెంబరు దిద్ది, సీలు వేయించి, "పోయిట్టు వాంగమ్మా," వెళ్ళి రండమ్మా అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

తిరుగు రైల్లో ఉండబట్టలేక అడిగేశాను. "మీరే చెప్పి ఉండచ్చు గదా మామా?"

"నా తప్పయితే నేనే సెప్పుందును," అన్నాడు. "నీ తప్పు నేను సెప్తే సాడీ అవతాది."

తిరుత్తణి స్టేషను నుంచి రిజిస్ట్రారాఫీసు దాకా పరుగే పరుగు. అరుగు మీద కుప్పమ్మవ్వ, ఆమె పక్కనే కట్టెల వ్యాపారి. కరణం వీధిలోకే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమప్పా దొరసామీ, పొద్దు వాలిపోతా ఉండాది," అంది అవ్వ. "ఈయప్ప పొద్దన్నించీ కూసోనే ఉండాడు."

మామ ఎగశ్వాసతో మాట్లాడలేక కాగితం పైకెత్తి చూపించాడు. వ్యాపారి తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

లోపల అవ్వ వేలిముద్ర పడింది, మామ సంతకం పడింది. కరణం ఒక సాక్షి, ఇంకో సాక్షి కావాలన్నారు. మామ పెన్ను నా చేతికిచ్చాడు. తప్పు రాసినదాన్ని, నేనెందుకని వెనక్కి తగ్గాను.

"నిన్న ఎండలో నిలబడి సూసింది నువ్వే గదా. పెట్టు."

పెట్టాను. నా జీవితంలో అంత వంకరగా ఎన్నడూ రాయలేదు. అంత సంతోషంగానూ రాయలేదు.

తర్వాత నేను పరీక్ష రాసి రెవెన్యూలో చేరాను. ముప్పై ఏళ్ళలో ఎన్ని కాగితాలు నా చేతి మీదుగా పోయాయో లెక్కలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఈవిడ మళ్ళీ మడుల్లో దిగిందని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళతో నేనూ నవ్వేదాన్ని. కాలు పెట్టని నేల మీద మాత్రం సంతకం పెట్టలేదు.