నర్సయ్య కాక ఒద్దన్న ఫొటో

సాయం కావాలంటే మనిషి తన కష్టాన్ని నలుగురికీ చూపించుకోవాల్సిందేనా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

పద్మనగర్‌లో మా వెనక ఉన్న వరుస గదుల చాల్‌లో ఉండే నర్సయ్య కాక సేటు కార్ఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. షుగర్‌తో కళ్లు పాడయ్యాయి. ఆపరేషన్‌కు ఆన్‌లైన్‌లో చందాలు అడుగుదామని ఈ రోజు కూర్చున్నాం. ఫొటో మాట ఎత్తగానే కాక లేచాడు.

“ఫొటో ఒద్దు బిడ్డా. గ్రూపులల్ల తిరిగి సేటు చూసిండంటే నా సాంచలు ఇంకోనికిస్తడు.”

“కండ్లు కనపడ్తలేవని సేటుకు తెల్వదా కాకా?”

“ఏడాదాయె, తెల్వనిస్తినా? పోగు తెగితే చేతి ఏళ్లకే తెలుస్తది. గుడ్డల తప్పు పడ్డదనుకో, నూలే ఖరాబున్నదని నేనే ముందుగాల ఒర్రుత!”

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. అంతలో చందాల వెబ్‌సైట్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ముఖం లేకపోతే ఎవరూ డబ్బులివ్వరని, గడ్డం పెరిగి ఉంటే ఇంకా మంచిదని హిందీలో సలహా ఇచ్చింది. కాకేమో నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు!

ఆయన ఎడమ కంటికి అసలు చూపే లేదు. విసుగులో అటువైపు నుంచే ఫొటో తీసేశాను. ఆయనకు తెలియలేదు.

ఆ ఫొటో పెడితే ఈ నెలలోనే కాక పని పోవచ్చు, పెట్టకపోతే చూపే పోతుంది. మీరైతే ఏం చేస్తారు? నేను మాత్రం ఇంకా తేల్చుకోలేదు.