ఎడమకు ఒరిగిన బస్సు

నాకు ఎవరినీ తొందరగా నమ్మే అలవాటు లేదు. కూరగాయల బండి దగ్గర తక్కెడ వైపు కాదు, పట్టుకున్న చేతి వైపు చూస్తాను. ఇంటికి గ్యాస్ సిలిండర్ వస్తే సీలు రెండుసార్లు తడిమి చూస్తాను. "నీ నీడను గూడ నువ్వు నమ్మవు" అంటుంది మా ఆవిడ. అననీలే అనుకునేవాణ్ణి. ఆ బస్సు వ్యవహారం తర్వాత మాత్రం ఆ మాట వినబడితే తల దించుకుని పక్కగదిలోకి వెళ్లిపోతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల సంగతి. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక మందుల కంపెనీకి మేడ్చల్ నుంచి ఉద్యోగులను చేరవేసే పని నా బస్సుకు దొరికింది. కంపెనీ వాళ్లు రెండు షరతులు పెట్టారు. వెనక ఇనుప కమాన్ పట్టీల స్ప్రింగులున్న బస్సు వద్దు, గాలి బెలూన్ల మీద నడిచేదే కావాలి, ఎందుకంటే వాళ్ల ఆఫీసర్లకు నడుం నొప్పులు. రెండోది, బస్సుకు నిమ్మకాయలు, మిరపకాయలు, పాత చెప్పులు వేలాడదీయకూడదు. రవాణా పనులు చూసే ఆఫీసరు కోస్తా నుంచి వచ్చి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. "మనది కంపెనీ బస్సండీ, లారీ కాదు కదా" అన్నాడు మెత్తగా. నేను సరేనన్నాను.

బస్సుకు డ్రైవరుగా కాకాను పెట్టుకున్నాను. సొంత బాబాయి కాదు, పిలుపు మాత్రం అదే. డెబ్బైలలో మా బాపు జీడిమెట్లలో సరుకుల టెంపో తిప్పినప్పుడు దాన్ని నడిపింది ఆయనే. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. నన్ను ఎప్పుడూ "బిడ్డా" అనేవాడు. ఇంటి పెళ్లిళ్లలో మా బాపు పక్కన కూర్చునే మనిషి.

ఆ టెంపో కాలంలో బండి రోగం దాచుకునేది కాదు. కమాన్ పట్టీ విరిగితే ఠంగుమని మోగేది, వంగి చూస్తే విరిగిన ముక్క కనబడేది. ఈ కొత్త బస్సు అలా కాదు. వెనక చక్రాల పైన లావుపాటి రబ్బరు బెలూన్లు, వాటిలోకి ట్యాంకు నుంచి గాలి. ఎంత గాలి ఉండాలో చెప్పేది పక్కనున్న ఒక చిన్న వాల్వు. గాలి ఎటునుంచి వస్తోందో, ఎటు పోతోందో కంటికి కనబడదు. నాలాంటివాడికి అంతకంటే పెద్ద పరీక్ష లేదు.

దసరా వెళ్లిన వారానికి మొదలైంది. ఒక మంగళవారం పొద్దున ఉద్యోగులను ఎక్కించుకునే వేళకు బస్సు వెనక ఎడమ పక్క జానెడు కిందికి దిగి ఉంది. కంపెనీ దాకా అలాగే పోయింది. లోపల వాళ్లు కుడి సీట్ల కడ్డీలు పట్టుకుని కూర్చున్నారట. మధ్యాహ్నానికి దానంతట అదే లేచి సమంగా నిలబడింది. మళ్లీ శుక్రవారం దిగింది. మళ్లీ మంగళవారం.

ఆదివారం మేడ్చల్‌లో మాకు తెలిసిన మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాము. ఆదివారం నాడు బస్సు మహా బుద్ధిమంతురాలు. సబ్బునీళ్లు చేసి బెలూన్ చుట్టూ, గొట్టాల అతుకుల దగ్గర పూశాడు. గాలి పోతుంటే బుడగ లేవాలి. ఒక్క బుడగ లేవలేదు. అయినా ఎందుకైనా మంచిదని ఎడమ బెలూన్ కొత్తది వేయించాను.

ఆ వారం కాకా వాళ్ల చెల్లెలి ఇంటికి ఊరెళ్లాడు. బదిలీ డ్రైవరు నడిపాడు. మంగళవారం గడిచింది, శుక్రవారం గడిచింది, బస్సు నిటారుగా ఉంది. కొత్త బెలూన్ పని చేసిందని సంతోషించాను. కాకా తిరిగొచ్చాక వచ్చిన మొదటి మంగళవారం మళ్లీ దిగింది.

అదిగో, ఆ రోజు నా బుర్రలో పురుగు దూరింది.

మంగళవారం, శుక్రవారం. కాకా ఉంటే దిగుతుంది, లేకపోతే దిగదు. మా ఆవిడకు చెబితే ఎవరో చేతబడి చేశారంది. నేను చేతబడి కంటే మనుషులను ఎక్కువ అనుమానిస్తాను. అదే కంపెనీకి ఇంకో బస్సు తిప్పే యజమాని ఒకడున్నాడు, నా దారి కూడా తనకే కావాలని చూస్తున్నవాడు. శామీర్‌పేటలో చాయ్ హోటల్ దగ్గర కాకా అతనితో నవ్వుతూ మాట్లాడటం నేను చూశాను. చాయ్ తాగుతూ ఎవరైనా నవ్వుతారు. కానీ ఆ నవ్వును నేను ఇంటికి తెచ్చుకున్నాను, అన్నంలో కలుపుకున్నాను, నిద్రలో నమిలాను.

ఈలోపు ఆఫీసరు పిలిచాడు. "చూడండీ, మీ బస్సు ఇంకొక్కసారి ఒరిగితే నేనేం చేయలేను. మీ మనుషుల్ని మీరే చూసుకోవాలి." మీ మనుషుల్ని అన్న మాటను నాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాను.

శుక్రవారం తెల్లవారుతూనే, మేడ్చల్‌లో బస్సు నిలిపే అడ్డ దగ్గరికి కాకా కంటే ముందే వెళ్లి టైర్ల దుకాణం గోడ వెనక నిలబడ్డాను. యాభై దగ్గరపడ్డవాణ్ణి, అయినా దొంగలా గోడ వెనక నిలబడటానికి సిగ్గు కూడా వేయలేదు. కాకా బకెట్టుతో నీళ్లు తెచ్చాడు. అద్దం కడిగాడు, తలుపులు తుడిచాడు. తర్వాత అటూ ఇటూ చూసి, వెనక ఎడమ చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చేయి లోపలికి పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. లేచి చేయి కడుక్కున్నాడు. అరగంటలో సన్నగా బుస్సుమన్న చప్పుడు వినబడింది. నా కళ్ల ముందే బస్సు ఎడమకు దిగింది.

పట్టుకున్నాననుకున్నాను. సంతోషం కూడా కలిగింది, అది ఇప్పుడు చెప్పుకోవడానికి బాధగా ఉంది. గోడ వెనక నుంచి వచ్చి అడిగాను.

"గాలి ఎందుకు తీస్తున్నవ్ కాకా?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. "ఏం గాలి బిడ్డా?"

"నేను మొత్తం చూసిన. చెయ్యి లోపల పెట్టినవ్. ఎవరు చెప్పిన్రు నీకు గీ పని?"

అడ్డ మీద అప్పటికే నలుగురు చేరారు. అడ్డ మీది చాయ్ హోటలాయన గ్లాసు కడగడం ఆపాడు. కాకా వాళ్లందరి వైపు ఒకసారి చూసి, నా వైపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి బస్సు మెట్టు మీద పెట్టాడు. "మీ బాపు ఉంటే ఈ మాట రాకపోవు, సేటు" అని బకెట్టు బోర్లించి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్ల పరిచయంలో నన్ను సేటు అనడం అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి స్టీరింగు నేనే పట్టుకున్నాను. బస్సు కడిగించే ఓపిక లేక తడిగుడ్డతో అద్దం తుడిచి బయలుదేరేవాణ్ణి. మంగళవారాలు, శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. బస్సు ఒక్క వేలెడు కూడా దిగలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి? అడ్డ మీద అడిగినవాడికీ చెప్పాను, అడగనివాడికీ చెప్పాను. కాకా అవతలి బస్సు యజమానితో చేతులు కలిపి నాకు సున్నం రాశాడన్నాను. అందరూ తలలూపారు. ఒక్కరు కూడా "గా మనిషి అట్లా చేస్తాడా" అనలేదు.

తర్వాత వాన వచ్చింది. కాలం కాని కాలంలో, బుధవారం నాడు, దారి పొడవునా కుండపోత. శామీర్‌పేట చెరువు పక్క రోడ్డు మీద నీళ్లు తన్నుకుంటూ పోతుంటే వెనక నుంచి అదే బుస్సుమన్న చప్పుడు. బస్సు నిండా మనుషులున్నారు. ఎడమకు ఒరిగింది.

మంగళవారం కాదు. శుక్రవారం కాదు. కాకా లేడు. వైపరు ఆడుతోంది కానీ అద్దంలో నాకు రోడ్డు సరిగ్గా కనబడలేదు.

ఉద్యోగులను దించి, ఈసారి మేడ్చల్ కాకుండా నేరుగా జీడిమెట్ల పోయాను. అక్కడ పెద్ద బస్సుల గాలి పనులు మాత్రమే చేసే ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. బస్సును గుంత మీద నిలబెట్టించి కిందికి దిగాడు. సబ్బునీళ్లు ముట్టలేదు. బెలూన్ కూడా చూడలేదు. టార్చి వేసి వాల్వు దగ్గర ఆగి, "జర కిందికి రా సేటు" అన్నాడు.

దిగాను. టార్చి వెలుగులో నల్లటి తాడు. దానికి నాలుగు గవ్వలు, ఒక చిన్న గుర్రపు నాడా.

"గిది వాల్వుకు దారి చూపే కడ్డీ. ఇరుసు మీదికెల్లి వాల్వు చేతికి నిలువున ఉంటది. బస్సు ఎత్తు లేచిందా, దిగిందా అని గిదే చెప్పాలె. గీ తాడు దాన్ని పక్కనున్న ఇనుప పట్టీకి కట్టేసింది. తాడు తడిస్తే ఏమైతది? నులక మంచం మీద నీళ్లు చల్లితే బిగుస్తది సూడు, గట్ల. కడ్డీని పక్కకు గుంజుతది. కడ్డీ ఒరిగితే చెయ్యి కిందికి దిగుతది. బస్సు మస్తు ఎత్తయిందనుకొని వాల్వు గాలి ఇడుస్తది. తాడు ఆరితే అన్నీ మామూలే." టార్చి నా మొహం మీదికి తిప్పాడు. "గీ దిష్టి తాడు ఎవరు కట్టిన్రు?"

నేనే కట్టాను. దసరా నాడు బండి పూజ చేసి, నిమ్మకాయ కట్టొద్దన్నారు కనుక ఎవరికీ కనబడకుండా బస్సు కిందికి దూరి కట్టాను. అవతలి బస్సువాడి కళ్లు నా బండి మీద పడుతున్నాయని నాకు అనుమానం. ఆ కడ్డీ ఏ పనీ లేని ఇనుప ముక్క అనుకున్నాను. దిష్టికి కట్టినదాని గురించి నోరు విప్పితే దాని బలం పోతుందంటారు కదా, అందుకని ఇంట్లో కూడా చెప్పలేదు.

"తెల్వదు" అన్నాను.

ఉస్తాద్ తాడు కోయడానికి తీసిన కత్తెర కింద పెట్టేశాడు. "అయితే నేను ముట్ట. పరాయోని దిష్టి తాడు నేను కోస్తే నాకు తగుల్తది. కట్టినోడే ఇప్పాలె."

గుంతలో నీళ్లు కారుతున్నాయి. ఆయన పైకెక్కి బీడీ ముట్టించుకున్నాడు. తర్వాత తాడు పట్టుకున్నాను. తడిసిన ముడి రాలేదు. గోళ్లతో, పళ్లతో పీకాను. దాని మీద ఏదో పసుపు పచ్చగా పెదాలకు అంటింది. అది ఏమిటో అప్పుడు ఆలోచించలేదు. ముడి ఊడగానే కడ్డీ నిటారుగా నిలబడింది. ఇంజను వేస్తే ఎడమ పక్క మెల్లగా పైకి లేచింది.

తిరుగు దారిలో మేడ్చల్ మిస్త్రీని అడిగాను, ఆ రోజు నీకు తాడు కనబడలేదా అని. "కనబడ్డది. దిష్టి తాడు గదా, ముట్టుడెందుకని ఊకున్న" అన్నాడు.

కాకా ఇల్లు గాజులరామారంలో. వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను తాడు చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని గవ్వలు లెక్కపెట్టినట్టు తడిమాడు.

"గిది నువ్వు కట్టిందని నాకు ఎరుకే. నీ ముడి గుర్తు పట్టనా, టెంపో మీద తాడు కట్టుడు నేర్పింది నేనే గదా. ఎవలకు చెప్పకుంట కట్టినవంటే అడగొద్దని ఊకున్న. నీ బండికి మంచి గావాలెనని మంగళారం, శుక్కురారం కడిగి పసుపు పెట్టిన."

నా పెదాలకు అంటిన పసుపు అది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. "గారోజే చెప్పకపోతివి కాకా" అన్నాను.

"నలుగురి ముందల చెప్తే నీ దిష్టి తాడు సంగతి బయటపడుతుండె సేటు."

పనికి రమ్మని బతిమాలాను. ఆయన ఒకటే అడిగాడు. "అడ్డ మీద అందరికి చెప్పినవంట. గిది గూడ చెప్తవా?"

మర్నాడు పొద్దున ఆయనను తీసుకుని అడ్డకు వెళ్లాను. తాడు చేత్తో ఎత్తి పట్టుకున్నాను. కట్టింది నేనని, తప్పు నాదని, కాకా ఏ పాపం ఎరుగడని గట్టిగా చెప్పాను. చాయ్ హోటల్ బల్లకు తాడు బిగించి గ్లాసెడు నీళ్లు పోసి అది ఎలా బిగుస్తుందో కూడా చూపించాను. అందరూ చూశారు. అందరూ తలలూపారు, ముందు ఊపినట్టే.

చాయ్ హోటలాయన నా భుజం మీద చెయ్యి వేసి, కాకాకు వినబడదనుకుని మెల్లగా అన్నాడు. "పెద్ద మనసు సేటు నీది. ముసలోడు గదా అని తప్పు నీ మీద ఏసుకుంటున్నవ్."

కాదని అన్నాను. ఒట్టు వేశాను. అతను ఇంకా మెచ్చుకుంటూ నవ్వాడు. తల తిప్పి చూస్తే కాకా అప్పటికే గాజులరామారం బస్సు ఎక్కుతున్నాడు.