పదును చాలదని చెప్పని కాగితం

నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చాయి. పగలు సేద్యం, సాయంత్రం పలక. అప్పటినుంచి ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. నాకది గొప్పగానే ఉండేది, ఆ కాగితం వచ్చేదాకా.

తొలివాన పడిన మర్నాడు మా తమ్ముడి భార్య తెచ్చింది దాన్ని, వ్యవసాయాఫీసు వాళ్లు పంచిన కాగితం. తమ్ముడు పోయినాక సేద్యమంతా ఆమెదే. ఉన్నది ఒక్క మూట వేరుశనగ విత్తనం. మా వైపు ఎవరైనా చేలో చెయ్యి పెట్టి తవ్వి, తడి ఎన్ని వేళ్లు దిగిందో చూడకుండా విత్తడానికి గొర్రు కట్టరు. విత్తడానికి చాలినంత తడి ఉంటే పదును అంటాం. ఆమె చూసుకునే వచ్చింది.

"తడి నాలుగు వేళ్లే దిగిండాది బావా. ఆగల్లనిపిస్తాంది. సదువుకున్నోళ్లు ఏమని రాసినారో సూడు."

చదివాను. "మృత్తికా ఆర్ద్రత ఆవశ్యక పరిమితిని అధిగమించని పక్షంలో విత్తన ప్రక్రియను ఉపక్రమించుట అవాంఛనీయము."

ఒక్క అక్షరం దగ్గరా తడబడలేదు. విత్తనమన్న ముక్క తప్ప ఏదీ అర్థం కాలేదు. తెలీదంటే ఇంత వయసులో నేర్చిన చదువు నవ్వులపాలవుతుందని, "ఎయ్యమంటాండారు" అనేశాను.

ఆమె తన చేతిని కాదని కాగితాన్ని నమ్మింది. విత్తింది. తర్వాత చినుకు లేదు. మొలక మట్టిలోనే మాడిపోయింది.

ఆ కాగితం రాసిన సారు కొన్నాళ్లకు మీటింగుకని మా ఊరొచ్చాడు. దాన్ని ఆయన ముందే పరిచాను.

"దీనికి అర్థమేందప్పా?"

"పదును చాలకుంటే ఇత్తొద్దండి అని, పెద్దాయనా."

"పదునన్న మాట నీకొచ్చునా?"

"రాకేం? మాది ఈ పక్క కంబదూరే. మా నాయనదీ సేద్యమే."

"మరి అదే రాయకపోతివే?"

"అట్ల రాస్తే మా పెద్దసార్లు ఒప్పుకోరు. చులకనగా ఉండాదంటారు."

నాకు ఒళ్లు మండింది. వాన కోసం కూర్చున్న మనిషికి రాసే కాగితం పెద్దసార్ల మెప్పు కోసమా? నోట్లో ఉన్న మాటను మింగి, ఎవరి నోటా లేని మాటను అచ్చేస్తే అది చదువెట్లా అవుతుంది? నా తప్పు లేదనను. తెలీకుండా తెలిసినట్టు చెప్పాను. వాళ్లు తెలిసీ, ఎవరికీ తెలీకుండా రాశారు.

ఆయన్ను వెంటబెట్టుకుని మరదలి ఇంటికి పోయాను. "ఆ పొద్దు ఆగమనే రాసినారమ్మా. నాకర్థం కాలేదు. అర్థమైనట్టు నీకు అబద్ధం చెప్పినాను" అన్నాను.

మరదలు ఖాళీ మూటను దులిపి మడిచి పక్కన పెట్టింది. సారు వైపు తిరిగింది.

"ఏమప్పా, ఈ కాగితం మీ నాయనకు సదివి ఇనిపించినావా?"