విస్సన్నపేట వెళ్ళిన పసుపు ట్యాంకు

మా తమ్ముడు బండి మీద పోలేదు. ముందే చెప్పేస్తున్నాను. స్పోర్ట్స్ బైకు కుర్రాడు అనగానే అందరూ అదే అడుగుతారు, "ఎక్కడ గుద్దాడమ్మా?" అని. ఎక్కడా గుద్దలేదు. జ్వరమొచ్చింది. రక్తకణాలు పడిపోతున్నాయంటే తిరువూరు నుంచి విజయవాడ తీసుకెళ్ళాం. వాణ్ణి అంబులెన్సులో తెచ్చుకున్నాం. బండి మాత్రం వరండాలో నిక్షేపంగా ఉంది.

ఉందంటే ఉంది. కానీ అది వాడి బండిలా లేదు. నా ఏడుపంతా అక్కడే.

వాడిది పాత మోడల్. పసుపు ట్యాంకు, గుండ్రటి హెడ్‌లైటు. తర్వాత కంపెనీవాడు ఇంజను అదే ఉంచి పైన మొహం మార్చాడు. హెడ్‌లైటు చుట్టూ కోసుదేరిన డూమ్, నల్ల ట్యాంకు, పైకి లేచిన తోక. అది చూసినప్పటి నుంచి వీడికి నిద్ర లేదు. విస్సన్నపేటలో వీడి స్నేహితుడికి ఆ కొత్త మోడల్ ఉంది. ఆ మహానుభావుడికేమో పాత మొహమే ముద్దు! ఇంకేం, ఇద్దరూ మెకానిక్ షెడ్డులో కూర్చుని ఒకరివి ఒకరికి విప్పి బిగించుకున్నారు. ట్యాంకూ డూమూ సులువుగానే కూర్చున్నాయట. తోక దగ్గర బోల్టు రంధ్రాలు కలవలేదు. మెకానిక్ ఇనపపట్టీ వంచి ఎలాగో నిలబెట్టాడు. గతుకుల్లో అది టకటకమంటూనే ఉండేది.

ఇంటికొచ్చి, "అక్కా, ఎలా ఉంది?" అన్నాడు.

"వేరేవాడి చొక్కా వేసుకుని పెళ్ళికెళ్ళినట్టుంది."

"నీకేం తెలీదులే, పో."

అమ్మకి అసలు నచ్చలేదు. "సందు మొదట్లో పసుపు కనబడగానే అన్నం వడ్డించేదాన్ని కదరా. ఇప్పుడు ఎవరో అనుకున్నా" అంది.

"హారన్ కొడతాలేమ్మా" అన్నాడు. ఆ హారన్ మేము ఎక్కువ రోజులు వినలేదు.

వాడు పోయాక ఒకరోజు బండి తుడుస్తూ వెతికాను. వాడి మోకాళ్ళు రాసుకుని రంగు పోయిన చోటు, రెడ్డిగూడెం మామిడితోటలో కొమ్మ తగిలి పడ్డ గీత, అమ్మ అంటించిన సిలువ స్టిక్కరు. ఏవీ లేవు. ఉన్నవన్నీ పరాయి మనిషి గీతలు. మావాడివేమో విస్సన్నపేట బజార్లో తిరుగుతున్నాయి. ఒళ్ళు మండిపోయింది. వాడే గనక ఎదురుగా ఉంటే రెండు తగిలించేదాన్ని. ఉంటే కదా!

ఏడాది జ్ఞాపకార్థ ప్రార్థన దగ్గర పడుతుంటే ఆ స్నేహితుడికి ఫోన్ చేశాను. "వాడివి వాడికిచ్చెయ్ బాబూ. నీవి నువ్వు తీసుకో" అన్నాను.

"సరే అక్కా. ప్రార్థనకి బండి మీదే వస్తా. అయ్యాక షెడ్డుకెళ్ళి మార్పించేద్దాం" అన్నాడు. అమ్మకి చెప్పలేదు. ఆ పసుపు ట్యాంకు ఇంటికొచ్చాక చూపిద్దామనుకున్నాను.

ఆ రోజు షామియానా కింద కుర్చీలు వేస్తున్నాం. పాస్టరు గారు ఇంకా రాలేదు. అమ్మ గుమ్మంలో కూర్చుని కొత్తిమీర తుంచుతోంది. సందు మొదట్లో పసుపు కనబడింది. అదే ఇంజను, అదే చప్పుడు. మనిషి హెల్మెట్టు పెట్టుకుని ఉన్నాడు. అమ్మ లేచింది. ఒళ్ళో కొత్తిమీరంతా కింద పడింది. గబగబా గేటు దాకా వెళ్ళి ట్యాంకు మీద చెయ్యి వేసింది.

"ఏంట్రా ఇంత ఆలస్యం? అన్నం చల్లారిపోలా?" అంది.

ఏడాదంతా మమ్మల్నందరినీ ఓదార్చిన మనిషి. సమాధి కట్టేటప్పుడు కూడా దగ్గరుండి మేస్త్రీకి ఎలా కావాలో చెప్పిన మనిషి. ఆ అబ్బాయి హెల్మెట్టు తియ్యలేదు. తీస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. భుజాలు మాత్రం అదురుతున్నాయి. అమ్మ కొంగుతో ట్యాంకు తుడిచింది. మోకాలి దగ్గర రంగు పోయిన చోటు తడిమింది. స్టిక్కరు సగం ఊడి ఉంటే గోటితో అదిమి అంటించింది. అప్పుడు తలెత్తింది. షామియానా చూసింది. కుర్చీలు చూసింది. గేటుకి కట్టిన ఫ్లెక్సీలో తమ్ముడి ఫొటో చూసింది.

"హెల్మెట్టు తియ్యి బాబూ, ఉక్కపోస్తుంది" అంది మెల్లగా.

అతను తీసి, "అమ్మా, నేను..." అంటూ బావురుమన్నాడు. ఓదార్చింది కూడా అమ్మే.

ప్రార్థనా, భోజనాలూ అయ్యాక నేను మా బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడికే అని అమ్మ అడిగితే చెప్పాను. "వాడివి మన బండికి బిగించేసి ఇంట్లోనే ఉంచుకుందామమ్మా" అన్నాను.

అమ్మ రెండు బండ్లనూ చూసింది.

"వద్దే. ఇంట్లో పెట్టుకుంటే ఓ మూల పడుంటుంది. అతని దగ్గరుంటే ఎప్పుడన్నా సందులోకొస్తుంది కదా."

నేను తాళాలు తీసుకెళ్ళి మేకుకి తగిలించాను. వెనక్కి వచ్చేసరికి ఆ అబ్బాయి బండి ఎక్కాడు. అమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"అప్పుడప్పుడూ వస్తుండు బాబూ" అంటోంది. "గేటు దాకా మాత్రం హెల్మెట్టు తియ్యకేం."